గుల్ల చప్పుడు

మా మామయ్యగారు పోయారు. స్కూల్లో ఏడో తరగతి పిల్లలకి భిన్నాలు చెబుతుండగా అటెండరు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "ఇంటి దగ్గర్నించి ఫోనొచ్చిందండీ మేడంగారూ. మీ మామగారు..." అని, మిగతాది చెప్పలేక నా చేతిలోని సుద్దముక్క తీసుకున్నాడు. కరకట్ట మీద ఆటోలో వస్తున్నంతసేపూ సుద్ద అంటిన వేళ్లని కొంగుకి తుడుచుకుంటూనే ఉన్నాను.

మధ్యాహ్నం అన్నం తిని వసారాలో పడక్కుర్చీలో వాలారట. మళ్లీ లేవలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే పాట. "నిద్రలో పోయాడమ్మా, అదృష్టవంతుడు." విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండింది. ఆ మనిషికి కంటినిండా నిద్రపట్టి ఎన్నేళ్లయిందో వీళ్లకేం తెలుసు?

ఇంకో మాట కూడా నా చెవిన పడింది. పాడె కడుతున్నచోట ఎవరో గొంతు తగ్గించి అన్నారు. "మంచాయనే. కానీ ఆ రోజు తుపాకి తియ్యలేదు." మా ఊళ్లో ఆయన పేరెత్తితే ఈ మాట రాకుండా ఉండదు. ఆ రోజు నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆయన బతికున్నంతకాలం నన్ను నోరెత్తనివ్వలేదు. "ఎందుకమ్మాయ్, అనుకోనీ" అనేవారు. ఇప్పుడు అడ్డుపడేవాళ్లు లేరు, అందుకే చెబుతున్నాను.

మాది బెజవాడకి దిగువన, కృష్ణ ఒడ్డున ఊరు. పొలాలన్నీ లంకలో. మొక్కజొన్న కంకి పాలు పోసుకుందంటే చాలు నక్కలు దిగేవి. వరిగట్లని పందికొక్కులు కుళ్లబొడిచేవి. పంట కాపాడుకోవడానికని మామయ్యగారి తండ్రి ఎప్పుడో ఒక ఎస్టేటువాళ్ల దగ్గర చిన్న రైఫిలు కొన్నారు. లైసెన్సు ఆయన తర్వాత ఈయన పేరుకి మారింది. గుండు చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ తుపాకిని చూసి, "ఇదా, దీంతో చిలకల్ని కొడతారా?" అన్నాను. మా అత్తగారు నోటికి కొంగడ్డం పెట్టుకుంది. మామయ్యగారు మాత్రం నవ్వలేదు. "చిన్నదే అమ్మాయ్. కానీ కంటికి ఎంత దగ్గరగా పెట్టుకుంటామో చూశావా?" అన్నారు.

అప్పుడు ఆ మాట నాకు బుర్రకెక్కలేదు.

ఆ సైజు తూటాలు వన్ టౌన్ కొట్టుకి రావడం మానేసి చాలాకాలమైంది. అందుకని పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారెయ్యకుండా, అనుమతి తీసుకుని, కొత్త క్యాపూ మందూ గుండూ పెట్టి మళ్లీ నింపుకునేవారు. ఆ ఖాళీ గొట్టాల్ని మా ఇంట్లో గుల్లలనేవాళ్లం. నింపడం ఆయనకి పెద్ద పనేం కాదు, కాఫీ తాగినంతసేపట్లో ఒకటి అయిపోయేది. అసలు పనంతా గుల్లని ఎంచడంలోనే ఉండేది. పేలిన ప్రతిసారీ ఇత్తడి సాగుతుంది, మళ్లీ బిగుస్తుంది, సాగీ బిగిసీ ఎక్కడో ఒకచోట పెళుసెక్కుతుంది. పెళుసెక్కిన గుల్ల తుపాకిలో చిట్లితే మంట ముందుకి పోకుండా వెనక్కి తంతుంది. వెనకాల ఉండేది కాల్చేవాడి కన్ను.

ఒకసారి నన్నూ వన్ టౌన్ తీసుకెళ్లారు. నాకు చీరలు, ఆయనకి గుల్లలు. చీరలు అరగంటలో తేలిపోయాయి. తుపాకుల కొట్టు సాయిబుగారు ఎవరో పాత షికారీ ఇంటినుంచి వచ్చిన గుల్లల్ని పచ్చ గుడ్డ మీద పోశారు. మామయ్యగారు కళ్లజోడు సర్దుకుని కూర్చున్నారు. ముందు ప్రతిదాన్నీ బోర్లించి అడుగున ముద్ర చూశారు. ఒక్కో కంపెనీ ఇత్తడి ఒక్కో మందం ఉంటుందట, ఒకే ముద్ర ఉన్నవే ఒక జట్టు. వేరే ముద్రవి ఎంత కొత్తగా కనిపించినా పక్కకి నెట్టేశారు. తర్వాత మూతి చుట్టూ గోరుతో తడిమారు. కొస వంచిన సన్నటి తీగ లోపలికి పోనిచ్చి, గోడని గీకుతూ పైకి లాగారు. అడుగుకి కాస్త పైన తీగ గాడిలో తట్టుకుంటే ఆ గుల్ల పని అయిపోయినట్టే, ఈసారో పైసారో రెండు ముక్కలవుతుంది. చివరగా జానెడు ఎత్తునుంచి నాపరాయి మీద జారవిడిచి, కళ్లు మూసుకుని విన్నారు. గట్టిది ఖంగుమంటుంది. చిట్లింది ఎండుపుల్ల పడ్డట్టు టప్పుమంటుంది.

సాయిబుగారు మూడో చాయ్ తెప్పించి, "పెళ్లిచూపుల్లో కూడా ఇంతసేపు చూసుండరండీ మీరు!" అన్నారు.

"పెళ్లికూతురు మొహమ్మీద పేలదు కదండీ" అన్నారు ఈయన తలెత్తకుండా.

"అత్తయ్యగారితో చెప్పనా?" అన్నాను నేను.

"చెప్పకు తల్లీ, ఆవిడ పేలుద్ది" అన్నారు. ముగ్గురం పడీపడీ నవ్వాం. ఆయన అంత హాయిగా నవ్వడం నేను చూసిన రోజులవి.

పనికిరావని తేల్చిన గుల్లల్ని ఆయన ఊరికే పారెయ్యలేదు. సాయిబుగారి సుత్తి అడిగి తీసుకుని, ఒక్కోదాన్నీ రాయిమీద పెట్టి అప్పచ్చి చేశారు. పాత సామాన్లకి పోయినా ఫరవాలేదుగానీ ఎవడి చేతికీ గుల్లలా దొరక్కూడదని ఆయన పట్టుదల. బస్సులో తిరిగొస్తూ నేను, "ఆ పక్కకి తోసినవి భలే మెరుస్తున్నాయి కదా మామయ్యగారూ, అన్యాయంగా చితగ్గొట్టారు" అన్నాను. "మెరుపుదేముందమ్మాయ్, తోమితే వస్తుంది. నిన్న మాట విన్నదని ఇవాళ వింటుందనుకోకూడదు. ప్రతిసారీ కొత్తగా అడగాల్సిందే" అన్నారు. మనుషుల విషయంలో కూడా ఆయన పద్ధతి అదే. పాలేరుని కూడా "ఇవాళ ఒంట్లో ఎట్లా ఉందిరా?" అని అడక్కుండా పనికి పంపేవారు కాదు.

ఆ ఏడు ఎన్నికలు ముసురు రోజుల్లో వచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషనులో అప్పజెప్పాలి కదా, రైఫిలు వెళ్లిపోయింది. గుల్లలు ఇంట్లో ఉండిపోయాయి. మా అమ్మాయి అప్పుడు బుడిబుడి అడుగుల పిల్ల, దానికి గుల్ల దొరికితే ఈలే. మూతి దగ్గర పెదాలానించి ఊదితే సన్నగా కూసేది. ఆ కూత వింటే మామయ్యగారి మొహం పాలిపోయేది. "వద్దు తల్లీ, అది ఆటవస్తువు కాదు" అని లాక్కునేవారు. చివరికి దాని చెయ్యి అందకుండా, గుల్లలన్నిటినీ గుడ్డలో మూటకట్టి గొడ్ల చావిడి అటక మీద పెట్టించారు. ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు ఎవరికీ తోచలేదు.

ముసురు వదల్లేదు. చావిడిలో గొడ్ల పంచితం ఆరేదే కాదు, లోపలికి అడుగుపెడితే ముక్కు పగిలిపోయేది. ఒకరోజు పాలు తియ్యడానికి వెళ్లిన మా అత్తగారు బయటికొచ్చి, "అటక మీద ఏదో చిటుక్కుమంటోందే, ఎలకలేమో" అంది. ఎలకలే అయుంటాయనుకున్నాం. ఆ తర్వాత నేను కూడా విన్నాను. పైన మూట దగ్గర ఎవరూ ముట్టుకోకుండా, ఏదీ కదలకుండా, ఉండుండి చిటుక్కుమని ఒక చిన్న చప్పుడు.

ఎన్నికలయ్యాయి, రైఫిలు ఇంటికొచ్చింది. అప్పటికి మామయ్యగారి రెండు కళ్లలోనూ పొర ముదిరింది. కాల్చేది ఇక మా ఆయనే, గుల్ల ఎంచేది మాత్రం ఆయనే అని ఇంట్లో అనుకున్నాం.

పిచ్చికుక్క దిగింది ఆ వారంలోనే. చొంగ కార్చుకుంటూ, అడ్డొచ్చినదాన్నల్లా పట్టేస్తూ వచ్చి పక్కింటి గడ్డివామి సందులో దూరింది. పక్కింటి బాబాయిగారూ మామయ్యగారూ చిన్నప్పట్నించీ బావా అంటే బావా అనుకునేవాళ్లు. ఒకే పడవలో లంకకి పోయేవాళ్లు, ఒకే చుట్టని ఇద్దరూ కాల్చుకునేవాళ్లు. వామి పక్కనే బాబాయిగారి ఆవులు కట్టేసి ఉన్నాయి. ఆయన వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చారు, వెనకాల సగం ఊరు.

"బావా, తుపాకి తియ్యి. ఆవులు దాని పక్కనే ఉన్నాయి, లేగదూడ ఉంది."

"తీస్తున్నా ఉండు" అన్నారు మామయ్యగారు. నింపి ఉంచినవేవీ లేవు, మా ఆయన అటకెక్కి మూట దించాడు. విప్పితే గుల్లలు బంగారంలా పచ్చగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. అమ్మయ్య అనుకున్నాను.

మామయ్యగారు ఒకటి తీసి గచ్చు మీద జారవిడిచారు. టప్పుమంది. ఇంకోటి విడిచారు. టప్పుమంది. మూడోదానికి ఆయన చెయ్యి ఆగింది. తీగ కూడా అడగలేదు. చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టారు, పక్కన పెట్టారు, మరోటి తీశారు. గేటు దగ్గర జనం అరుపులు. వాన. నాకు మాత్రం ఆ టప్పు టప్పు ఒక్కటే వినిపిస్తోంది.

"నాన్నా, ఇది చూడండి, మిలమిలలాడుతోంది. ఇది నింపండి" అని మా ఆయన ఒకటి అందుకున్నాడు.

"అమ్మాయ్, నీ కళ్లు మంచివి. మూతి దగ్గర చూడు" అని దాన్ని నా చేతిలో పెట్టారు. వెలుతురులోకి తిప్పి చూశాను. మూతినించి కిందికి, తలవెంట్రుకంత సన్నటి గీత. తర్వాతదానికీ అంతే. ఆ తర్వాతదానికీ అంతే. అన్నీ వాటంతటవే చిట్లిపోయాయి.

"ఉందండీ, గీత ఉంది" అన్నాను.

బాబాయిగారు వసారా మెట్టెక్కి చేతులు జోడించారు. "ఒక్కటి బావా. ఒక్క దెబ్బ. ఏమవుద్ది? ఇన్నాళ్లూ కాల్చినవేగా."

మామయ్యగారు లేచి నిలబడ్డారు. "నాకు చూపుంటే నేనే కాల్చేద్దును బావా. కన్ను పోతే పోయేది. కాల్చాల్సింది వీడు. వీడి చేతికివ్వను."

బాబాయిగారు మా ఆయనవైపు చూశారు, చంకలో పిల్లతో నిలబడ్డ నావైపు చూశారు. "సరేలే. నీ కొడుకు కళ్లు నీకు, నా గొడ్లు నాకు" అన్నారు. గేటు పక్కనున్న ఎవరి చేతిలోదో కర్ర లాక్కుని వెళ్లిపోయారు. మా ఆయన కూడా గడ్డపార పట్టుకుని వెనకే పరిగెత్తాడుగానీ తను చేరేలోపే అయిపోయింది. కుక్కని కర్రలతో చంపారు. చచ్చేముందు అది బాబాయిగారి ముంజేతిని పట్టేసింది.

బెజవాడ పెద్దాసుపత్రిలో బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. సగమయ్యేసరికి తుఫాను కబురొచ్చింది, వరి కోతలు మీదపడ్డాయి. "పొట్ట రాయైపోయింది, ఇక నావల్ల కాదు" అని బాబాయిగారు మిగతావి మానేశారు. మా ఆయన వెళ్లి బతిమాలాడు, పిన్నిగారు ఏడ్చింది, ఆయన వినలేదు. మామయ్యగారు వెళ్తే గుమ్మంలోంచే మొహం తిప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన మా గడప తొక్కలేదు, ఈయన్ని బావా అని పిలవలేదు.

మామయ్యగారు ఆ గుల్లలన్నిటినీ సుత్తితో చితగ్గొట్టారు. మా అమ్మాయి ఆ చప్పుడుకి జడుసుకుని ఏడుస్తుంటే ఎత్తుకుని నేను పెరట్లోకి పోయాను. తర్వాత సాయిబుగారికి సంగతి చెబితే తల పట్టుకున్నారట. "గొడ్ల చావిట్లో పెట్టారా? అయ్యో! ఆ ఘాటు ఇత్తడిని తినేస్తదండీ, ముసుర్లో మరీనూ." పాపం, మరుసటి ఏడు ఎక్కడెక్కడో వెతికి మంచి గుల్లలు తెప్పించి కబురుపెట్టారు. కంటి ఆపరేషనైన మామయ్యగారికి తోడుగా నేను వెళ్లాను. ఒక్కోటీ నాపరాయి మీద జారవిడిచారు. అన్నీ ఖంగుమన్నాయి, నా చెవులతో విన్నాను. ఆయన మాత్రం అన్నిటినీ పక్కకి నెట్టేశారు. "నా చెవి చెడిందండీ. అన్నీ అదే చప్పుడు చేస్తున్నాయి" అన్నారు. సాయిబుగారు గుల్లల్ని తిరిగి పచ్చ గుడ్డలో మూటకట్టేశారు. రైఫిలు ఆ నెలలోనే ఆ కొట్లో డిపాజిట్ చేసేశారు.

కుక్క కాటు విషం ఎప్పటికీ చావదనీ, ఏళ్లు గడిచాక కూడా మబ్బు ఉరిమితే లేస్తుందనీ మావైపు అంటారు. లేస్తే మొదటి గుర్తు నీళ్లు. నీళ్లు చూస్తే భయం, గుటక దిగదు. చదువుకున్నదాన్ని, ఇవన్నీ నమ్మొద్దని నేను వాదించేదాన్ని. "డాక్టరు కూడా ఇంజెక్షన్లు పూర్తిచెయ్యమనే చెప్పాడు కదమ్మాయ్" అనేవారు మామయ్యగారు.

అప్పట్నించి మా ఇంట్లో పొద్దుటి కాఫీ ఒక గొడవైపోయింది. నేను పొగలుకక్కే కాఫీ ఇస్తే, ఆయన కుర్చీ చేతి మీద పెట్టి కూర్చునేవారు. "చల్లారిపోతోంది మామయ్యగారూ!" "ఉండమ్మాయ్." "మళ్లీ వెచ్చబెట్టమంటారు, నాకు బస్సు టైమవుతోంది!" "ఉండు తల్లీ." పిట్టగోడ అవతల బాబాయిగారు పంపు దగ్గరికి వచ్చి, మొహం కడుక్కుని, చెంబెత్తి నీళ్లు తాగేవారు. అప్పుడు ఈయన గ్లాసు అందుకునేవారు. ఆ రెండింటికీ సంబంధం ఉందని గ్రహించడానికి నాకే చాలాకాలం పట్టింది.

ఉరిమిందంటే చాలు, ఎంత వానైనా వసారాలోకి వచ్చి ఆ ఇంటివైపు చూస్తూ నిలబడేవారు. ఒకసారి బాబాయిగారు పంపు దగ్గరికి రాలేదు. మర్నాడూ రాలేదు. మామయ్యగారు కాఫీ ముట్టలేదు, అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చివరికి నన్ను పిలిచి, "ఆవకాయ పట్టుకెళ్లు. నీళ్లు తాగుతున్నాడేమో చూసిరా" అన్నారు. వెళ్లేసరికి బాబాయిగారు గొంతుకి మఫ్లరు చుట్టుకుని మంచం మీద ఉన్నారు. పిన్నిగారు గ్లాసు అందించింది. ఆయన మొహం చిట్లించారు, గ్లాసు పక్కకి తోశారు. "టాన్సిల్సమ్మా, మింగుడు పడట్లా" అంది పిన్నిగారు. నావైపు ఒకసారి చూసి, బాబాయిగారు కళ్లు గట్టిగా మూసుకుని గ్లాసు మొత్తం తాగేశారు. నేను ఇంటికి పరిగెత్తుకెళ్లి "తాగారండీ, తాగారు!" అన్నాను. మామయ్యగారు మొహం తువ్వాల్లో దాచుకున్నారు.

ఆయన మా ఆయనకి కళ్లు మిగిల్చారు. ఊరు పిరికివాడంటే పడ్డారు. స్నేహితుణ్ని పోగొట్టుకున్నారు, ఆ స్నేహితుడి ప్రాణానికి తనే కాపలా అనుకుని చివరిదాకా కూర్చున్నారు. మా ఆయన పేపరు చదువుతుంటే చూసినప్పుడల్లా ఈ ఇంటికి నేను ఎంత రుణపడ్డానో గుర్తొస్తుంది. ఒక్కసారైనా ఆయనతో ఈ మాట అనలేకపోయాను. అంటే ఊరుకునేవారు కాదు.

దహనమైన సాయంత్రం పిన్నిగారు వచ్చి నా పక్కన కూర్చుంది. బాబాయిగారు కూడా శ్మశానానికి వెళ్లొచ్చారట. "ఒక సంగతి చెప్పనా అమ్మా" అంది. "ఆయన లేవగానే లోపలే మంచినీళ్లు తాగేస్తాడు. మళ్లా పంపు దగ్గరికెళ్లి, మీ వసారాకి ఎదురుగా నిలబడి ఇంకో చెంబు తాగుతాడు. ఇన్నేళ్లూ అంతే. ఎందుకయ్యా అని ఒకసారి అడిగా. 'మరి వాడు కాఫీ తాగొద్దూ?' అన్నాడు."

మర్నాడు పొద్దున పంపు చప్పుడు విని నేను వసారాలోకి వచ్చాను. బాబాయిగారు మొహం కడుక్కున్నారు. చెంబు నింపారు. మా వసారావైపు చూసి, చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఎంతసేపటికీ ఎత్తరు. చెంబులో నీళ్లు వణికి ఒలుకుతున్నాయి. నాకు తెలియకుండానే నా చూపు ఆయన గొంతు మీదికి పోయింది.

మామయ్యగారి కుర్చీని ముందుకి లాగి కూర్చున్నాను. ఆయన నన్ను చూశారు. రెండు చేతులతో చెంబెత్తారు. సగం నీళ్లు గడ్డం మీదుగా చొక్కాలోకి కారిపోయాయి. గుటక దిగడం మాత్రం కనిపించింది.